ఎర్ర మూలలో కుర్చీ

మే 4

చుపాన్ వచ్చాడు. ఊరి పెద్దగా ఎన్నికైనప్పటి నుంచి మా గడప తొక్కనివాడు, ఈ రోజు బూట్లు విప్పి మరీ లోపలికి వచ్చాడు. ఏదో అంటగట్టడానికే వచ్చాడని అప్పుడే అనుకున్నాను.

కొత్త కుస్తీ హాలు జూన్ 12న తెరుస్తారట. పేరు కూడా ఖాయమైందట. ఎవరి పేరో చెప్పడానికి అంత దూరం నడిచి రావాలా? ఈ కొండ ఊళ్లో ఉన్న పేరు ఒక్కటే. వీధికి అదే పేరు, బడి గోడ మీద అదే పేరు, కింద లోయలో నింపే నీళ్ల సీసాల మీద కూడా వాడి మొహమే. దిబీర్. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్, ఒకసారి ఒలింపిక్ బంగారం, ఇప్పుడు మాస్కోలో పెద్ద పదవి. ఊరికి వచ్చేది పెళ్లికో, చావుకో, లేదంటే కెమెరా కోసమో.

"హిజ్రీ, నువ్వు కాదనకూడదు," అన్నాడు చుపాన్, మా ఆవిడ జగిదత్ పెట్టిన ఆప్రికాట్ జామ్ సగం గిన్నె ఖాళీ చేస్తూ. "ఆ రోజు నువ్వూ దిబీర్ ఒక పట్టు పట్టాలి. ఊరికే, జనం కోసం. ఐదు నిమిషాలు. మీ ఇద్దరి పాత ఫైనల్ మళ్లీ చూపిస్తామంటే టీవీవాళ్లు ఎగేసుకుని వస్తారు."

"దిబీరన్న ఒప్పుకున్నాడా?"

"ఆయనే అడిగాడయ్యా. హిజ్రీ ఇంకా నడుస్తున్నాడా అని."

ఇంకా నడుస్తున్నాడా! పద్దెనిమిదేళ్లుగా ఈ ఊరి పిల్లలకు పట్టు నేర్పింది నేను. సోవియట్ కాలం నాటి ఉన్ని గోదాములో, వాన పడితే కారని మూల వెతుక్కుని మ్యాట్ జరుపుకుంటూ నేర్పాను. ఆ పిల్లలు ఇవాళ ఎక్కడ గెలిచినా పేపర్లో "దిబీర్ ఊరి కుర్రాడు" అని వేస్తారు.

సరే అన్నాను. చుపాన్ మిగతా జామ్ కూడా తినేసి వెళ్లాడు.

మే 5

ఒప్పుకోకుండా ఉండాల్సింది.

మే 9

బడి దగ్గర విజయ దినం జెండాలు, పాటలు. ఒక ఆరో తరగతి పిల్లాడు అడిగాడు: "హిజ్రీ మామా, మీరు దిబీర్ చేతిలో ఓడిపోయారట కదా?" వాడి చెవి మెలేద్దామనుకున్నాను. అది ఇంకా పట్టులో నలగని చెవి, లేతగా ఉంది. వదిలేశాను.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. నేను ఓడిపోలేదు. ఇచ్చేశాను.

సైబీరియాలో, రష్యా ఛాంపియన్‌షిప్ ఫైనల్. నాకు ఇరవై రెండు, వాడికి ఇరవై అయిదు. ప్రపంచ పోటీ గెలవడం కన్నా మా ఇంటి పోటీ గెలవడం కష్టమని ఈ ఆట తెలిసిన ప్రతివాడికీ తెలుసు. ఆ రోజు గెలిచినవాడే ఒలింపిక్స్‌కు. ఎర్ర మూలలో దిబీర్, నీలం మూలలో నేను. ఇద్దరం ఒకే ఊరివాళ్లం, ఇద్దరికీ ఒకే ఉస్తాద్.

మామూలుగా శిష్యుడి మూలలో ఉస్తాద్ కూర్చుంటాడు, కానీ తన శిష్యులు ఇద్దరు ఎదురెదురు పడితే ఉస్తాద్ అబాకర్ ఎవరి మూలలోనూ కూర్చోడు. లేచి పైవరుసకు వెళ్లి, టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చుంటాడు. చిన్న పోటీ అయినా, పెద్ద పోటీ అయినా అంతే. ఆ రోజు మాత్రం ఆయన ఒక ఇనుప కుర్చీ తెచ్చుకుని ఎర్ర మూలలో వేసుకున్నాడు. ఒళ్లో తెల్ల తువ్వాలు పెట్టుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

మా దగ్గర పెద్దవాళ్లు ఇలా చెయ్యరా అని నోరు తెరిచి చెప్పరు. చెప్పేదాకా వచ్చిందంటే అది చిన్నవాడికి తలవంపు. ఎవరి పక్కన కూర్చున్నారు, రొట్టె ముందు ఎవరికి తుంచి ఇచ్చారు, అదే మాట. దిబీర్ నాకన్నా మూడేళ్లు పెద్ద. ఆ కుర్చీ అన్నది ఇదే: చిన్నవాడివి, నీకు ఇంకా వయసుంది, తగ్గు. చెవిలో చెప్పినా అంత స్పష్టంగా వినపడదు.

ఒక పాయింటు నేనే ముందున్నాను. ఇంకో ముప్పై సెకన్లలో అయిపోతుంది. వాడు నా ఎడమకాలు పట్టుకోవడానికి వచ్చాడు. కాలు వెనక్కి లాగాలి. లాగలేదు. అంతే.

వాడు ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మరుసటేడు నాకు భుజం పోయింది. ఆ తర్వాత నా వయసు ఎవరికీ అక్కరలేదు.

మే 13

తొంభై మూడు కిలోలు. పొద్దున్నే ఎగువ పొలాల దాకా పరిగెత్తాను. అంటే, సగం దాకా. జగిదత్ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎవరన్నా తరుముతున్నారా?" అంది.

"ఊరికే."

"ఊరికే పరిగెత్తే మొహమా నీది? చుపాన్ చెప్పాడులే. ఐదు నిమిషాల తమాషాకి ఇంత ఆయాసమెందుకు? ఆయన నవ్వుతాడు, నువ్వు నవ్వు, జనం చప్పట్లు కొడతారు, అందరికీ మాంసం పెడతారు. అయిపోయింది."

తనకు ఏం తెలుసు! ఆ కుర్చీ సంగతి జగిదత్‌కు ఎప్పుడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇచ్చినదానికి విలువ పోతుంది.

రాత్రి భోజనంలో పిండి మానేశాను. జగిదత్ వెల్లుల్లి వేసిన హింకాల్ పిండిముద్దల పళ్లెం నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటే తింది, కావాలని.

మే 20

హాలు గోడకు దిబీర్ బొమ్మ వచ్చింది. మూడు మీటర్ల ఎత్తు. లారీలో నుంచి దింపడానికి నన్నూ పిలిచారు, నా వీపు ఇంకా మోయడానికి పనికొస్తుంది కదా. బంగారు పతకం, ఛాతీ మీద చెయ్యి, వెనకాల మా కొండలు. చిత్రకారుడు దిబీర్ చెవులు సరిచేశాడు! నలిగి ముద్దయిపోయిన చెవులు రెండూ నున్నగా, పెళ్లికొడుకు చెవుల్లా ఉన్నాయి. ముప్పై ఏళ్లు మ్యాట్ మీద రుద్దుకున్న చెవులవి. ఆ చెవులు లేకపోతే అందులో ఇంకేముంది?

నేను పగలబడి నవ్వాను. చుపాన్‌కు కోపం వచ్చింది.

"నీ బొమ్మ ఎవడూ వెయ్యలేదని ఏడుపా?"

"నా చెవులు గీయడం వాడి వల్ల కాదులే," అన్నాను.

ఇంటికి వచ్చి అద్దంలో చూసుకున్నాను. కుడి చెవి బాగా నలిగింది. ఎడమది అంత లేదు.

మే 21

మోకాలు. కుడిది.

మే 27

దిబీర్ టీవీలో వచ్చాడు. మాస్కోలో ఏదో తెల్లటి సోఫా. ఒక అమ్మాయి అడుగుతోంది, ఇన్నేళ్లలో మీకు అన్నిటికన్నా కష్టమైన కుస్తీ ఏది అని. వాడు ఇరానీ మల్లుడి పేరు చెప్పాడు, అమెరికావాడి పేరు చెప్పాడు. "మరి మీ ఊరివాడితో పట్టిన రష్యా ఫైనల్?" అని ఆ అమ్మాయి అంది, కాగితంలో చూసుకుంటూ.

వాడి మొహంలో నవ్వు పోయింది. "దాని గురించి అడక్కండి," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తెలుసు వాడికి! ఇన్నేళ్లూ తెలుసు! ఇచ్చినది తీసుకున్నవాడు, ఇచ్చినవాడి పేరు పలకడానికి నోరు రానివాడు. ఒక్క మాట, "హిజ్రీ తగ్గాడు కాబట్టి వెళ్లాను" అని ఒక్క మాట ఎక్కడైనా అని ఉంటే, నేను వాడి బొమ్మ వీపు మీద మోసుకుంటూ మాస్కో దాకా వెళ్లేవాణ్ని.

జూన్ 12న ఊరి ముందు, కెమెరాల ముందు, వాడి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనిస్తాను. ఒక్కసారి చాలు. తర్వాత హాలుకు వాడి పేరు పెట్టుకోండి, వాడి తాత పేరు పెట్టుకోండి.

జూన్ 2

ఎనభై ఎనిమిది కిలోలు. గోదాములో ఇసుక బస్తాను నలభై సార్లు ఎత్తేశాను. మోకాలికి గుడ్డ కట్టి పని కానిస్తున్నాను. బాగానే ఉంది. దాదాపు బాగానే ఉంది.

ఆ ఫైనల్లో రెండు పాయింట్లు ముందున్నాను. చివరి నిమిషం. వాడు కాలికి వచ్చినప్పుడు మెడ మీద చెయ్యి వేసి ఒక్క తిప్పు తిప్పితే వాడు వెల్లకిలా పడేవాడు. ఆ పట్టు నా చేతిలోనే ఉంది. వదిలేశాను.

జూన్ 6

ఉస్తాద్‌ను పిలవడానికి కొండ దిగి, హసావ్యుర్త్ పట్టణానికి వెళ్లాను. చుపాన్ ఎవరినో పంపుతానన్నాడు, నేనే వెళ్తానన్నాను. ఏం ఆశించి వెళ్లానో రాయను.

ఎనభై మూడేళ్లాయన. కళ్లు దాదాపు లేవు. కూతురి ఇంటి వరండాలో కూర్చుని, పులుసులో నానబెట్టిన రొట్టె తింటున్నాడు. నా అడుగు చప్పుడు వినగానే, "కుడికాలు ఈడుస్తున్నావు," అన్నాడు. ఇరవై రెండేళ్లలో తనంతట తను నాతో మాట కలపడం అదే మొదలు. ఆ ఫైనల్ తర్వాత ఆయన నాతో ఎప్పుడూ పొడిపొడిగానే ఉండేవాడు. సిగ్గుపడుతున్నాడని అనుకునేవాణ్ని.

"దిబీర్‌తో కుస్తీ పడతావటగా?"

"చుపాన్ వదల్లేదు, ఉస్తాద్."

"పట్టు. ఈసారైనా పట్టు."

నాకు అర్థం కాలేదు. ఆయన గిన్నె పక్కన పెట్టాడు.

"ఆ రోజు ఎందుకురా భయపడ్డావు? చచ్చేలోపు ఒక్కసారి వినాలని ఉంది. చిన్నప్పుడు నువ్వు తోడేలుక్కూడా భయపడేవాడివి కాదు. నీ కాలు వాడికి ఎందుకు వదిలేశావు?"

"నేను భయపడడమేంటి, ఉస్తాద్? మీరే కదా!"

"నేనేం చేశాను?"

"ఎర్ర మూలలో కూర్చున్నారు."

"కూర్చున్నాను. అయితే?"

"ఎప్పుడూ పైకి వెళ్లేవారు మీరు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్నారు. తగ్గమన్నారనుకున్నాను."

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. మెడ చాపి నా మొహం ఎక్కడుందో వెతికినట్టు చూశాడు.

"నేనా? నేను తగ్గమన్నానా? ఒరేయ్, వాడి మోకాలు సెమీఫైనల్లోనే పోయింది. నిలబడలేకపోతున్నాడు. తప్పుకోరా అంటే ఏడ్చాడు. నువ్వు ఆ కాలు దొరకబుచ్చుకుని తిప్పావంటే వాడు జన్మకి కుంటివాడు. అందుకు కూర్చున్నా. తువ్వాలెందుకు పట్టుకున్నాననుకున్నావు, చెమట తుడవడానికా? నువ్వు ఆ కాలు పట్టిన క్షణం మ్యాట్ మీద విసిరేసి ఆపించేద్దామని. నువ్వే గెలుస్తావని నాకు తెలుసు. వాడికీ తెలుసు. హాలంతటికీ తెలుసు. నీకొక్కడికే తెలియలేదు."

"నాకు ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్తే నువ్వు ఆ కాలు ముట్టుకోవు. చేతులు కట్టేసుకుని కుస్తీ ఏం పడతావు? అది నీకు అన్యాయం కాదూ?"

"తర్వాతన్నా అడగలేదే."

"నేనా అడగాల్సింది?" ఆయన గొంతు లేచింది. "నువ్వొచ్చి భయమేసింది ఉస్తాద్ అంటావని చూశాను. ఆ ఏడు చూశాను, మరుసటేడు చూశాను. ఇరవై రెండేళ్లు చూశాను. నువ్వడగవు, నేనడగను. మనం పుట్టిందే ఇలాంటి చోట."

కూతురు టీ తెచ్చింది. తాగాను. పన్నెండో తారీకు పొద్దున్నే కారు పంపుతామని చెప్పి లేచాను. తిరుగు దారంతా ఏం ఆలోచించానో గుర్తు లేదు. సులాక్ నది వంతెన దగ్గర లారీవాడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు, అది గుర్తుంది.

జూన్ 7

ఏమీ రాయను.

జూన్ 8

మోకాలు పోయినవాడు ఒంటికాలి మీద నా ఎదురుగా నిలబడ్డాడు. ఆ ఐదు నిమిషాల్లో వాడు కుంటుతున్నాడని నేను గమనించనే లేదు. కుర్చీనే చూస్తూ ఉన్నాను.

మరి ముందున్నది ఒక పాయింటా, రెండా? కాలు నేను లాగలేదా, లాగలేకపోయానా?

లాగలేదు. లాగలేదనే రాస్తాను.

ఒకటి మాత్రం మారలేదు. నాది అయినది వాడి దగ్గర ఉంది. ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అన్నది వేరే సంగతి. నేను మూర్ఖుణ్నే అనుకుందాం. అంతమాత్రాన వాడు మంచివాడైపోతాడా? మూర్ఖుడు పారేసుకున్నది ఏరుకుని, ఇరవై రెండేళ్లు మెడలో వేసుకుని తిరిగాడు. కడుపు మండుతోంది. ముందుకన్నా ఎక్కువ మండుతోంది.

నలభై అయిదు సార్లు బస్తా ఎత్తాను.

జూన్ 11

మధ్యాహ్నం దిగాడు. పద్నాలుగు కార్లు, హారన్లు, గాల్లోకి తుపాకులు. చుపాన్ ఎగిరి ఎగిరి ఆడుతుంటే టోపీ పడిపోయింది. దిబీర్ బాగానే ఉన్నాడు, ఇంకా తలుపంత మనిషి. గడ్డం నెరిసింది. అందరినీ కౌగిలించుకుంటూ వచ్చి నా దగ్గర చెయ్యి మాత్రం చాపాడు.

"రా, హాలు చూద్దాం," అన్నాడు. చుపాన్ వెంట పడబోతే చేత్తో ఆపాడు.

కొత్త మ్యాట్ రబ్బరు వాసన వేస్తోంది. ఇద్దరం బూట్లు విప్పాం. వాడు తన బొమ్మ కేసి చూసి, "చెవులేవిరా?" అన్నాడు. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. వాడు నవ్వలేదు.

"ఇక్కడెవరూ లేరు," అన్నాడు. "ఒకటి అడుగుతా. ఆ రోజు నువ్వు కాలు ఇచ్చేశావు. అవునా?"

"అవునన్నా."

"నాకు తెలుసు. చేతికి తగిలినప్పుడే తెలుసు. కుస్తీ పట్టేవాడి కాలు కాదది, మంచం మీద చాపుకున్న కాలు." వాడి మెడ నరాలు లేచాయి. "నీకేమన్నా తెలుసా, నేను ఏ దేశంలో గెలిచినా, చెయ్యి పైకెత్తినప్పుడల్లా, హిజ్రీగాడు విసిరేసిన ఎముక కొరుకుతున్నట్టే ఉండేది. జనం కేకలు వేస్తుంటే నాకు ఆ కాలే గుర్తొచ్చేది. ఎవడడిగాడ్రా నిన్ను?"

ఇక్కడ నేను చెప్పొచ్చు. కుర్చీ సంగతి, తువ్వాలు సంగతి చెప్పొచ్చు. ఒక్క నిమిషం పట్టేది. చెబితే నేను ఒక కుర్చీని చూసి జీవితం ఇచ్చేసినవాణ్ని అవుతాను. వాడు నవ్వుతాడు. రేపు ఊరంతా నవ్వుతుంది.

"ఎవరూ అడగలేదన్నా," అన్నాను. "నువ్వు కుంటుతున్నావు. చూడలేకపోయాను."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! వాడి మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఎన్నేళ్ల తర్వాతో రెఫరీ నా చెయ్యి పైకెత్తినట్టు అనిపించింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మొహం గుర్తొచ్చి హాయిగా ఉంది.

"జాలిపడ్డావన్నమాట," అన్నాడు.

"తమ్ముణ్ని కదా."

బూట్లు చేత్తో పట్టుకుని, ఉత్త మేజోళ్లతో బయటికి వెళ్లిపోయాడు.

జూన్ 13

నిన్న రాయలేకపోయాను.

హాలు కిక్కిరిసిపోయింది. కిటికీల్లో కూడా మనుషులు. ఉస్తాద్‌ను కారులోంచి దించి ఇద్దరు మోసుకొచ్చారు. మొదటి వరుసలో మెత్తటి కుర్చీ వేసి పెట్టారు ఆయనకు. ఆయన కూర్చోలేదు. "పైకి," అన్నాడు. చుపాన్ చేతులు పిసుక్కుంటూ, "మెట్లెక్కలేరు, తాతా, టీవీవాళ్లు కూడా ఇక్కడే," అన్నాడు. "పైకి తీసుకెళ్తారా, ఇంటికి తీసుకెళ్తారా?" అన్నాడు ఉస్తాద్. చివరికి పైవరుసకు మోసుకెళ్లారు. టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. ఎర్ర మూల ఖాళీ, నీలం మూల ఖాళీ.

మొదటి నిమిషం నాదే. నాదని జనం అనుకుని ఉంటారు. వాడు నా మెడ మీద చెయ్యి వేశాడు, నేను తోశాను, ఒక చుట్టు తిరిగాం. రెండో నిమిషంలో తెలిసింది. ఆ చేతుల్లో ఇంకా ఏమీ తగ్గలేదు. నన్ను ఎక్కడ కావాలంటే అక్కడికి నడిపిస్తున్నాడు, సంతలో గొడ్డును నడిపించినట్టు. నేను కాలికి వెళ్లాను, నా తల పక్కకు నెట్టాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ నెట్టాడు. పాయింటు తీసుకోవడం లేదు. తీసుకోగలిగినవి మూడుసార్లు వదిలేశాడు. మూడో నిమిషానికి నా ఊపిరి ఆగిపోతోంది, మోకాలిలో మేకు దిగినట్టుంది. కుడికాలు మీద బరువు పెట్టలేకపోతున్నాను.

నెల రోజులు బస్తాలు ఎత్తాను. రొట్టె మానేశాను. ఒక్క పట్టు, నా మెడ పట్టు, అది దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు. దొరకదని నాకు అప్పుడు ఖాయంగా తెలిసింది. బహుశా ఇరవై రెండేళ్ల కింద కూడా.

వద్దు, అది రాయను.

అప్పుడు వాడు నన్ను దగ్గరికి లాక్కున్నాడు. చెవి చెవికి ఆనింది, రెండూ నలిగిన చెవులే. నవ్వుతున్నాడు, కెమెరాకు కనపడేలా. నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"కుంటుతున్నావు, తమ్ముడూ. చూడలేకపోతున్నా."

నా చెయ్యి తన మెడ మీదికి తనే తెచ్చుకున్నాడు. నేను తిప్పలేదు. తిప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. వాడే తిరిగాడు, వాడే ఎగిరాడు, వాడే వెల్లకిలా పడి నన్ను తన ఛాతీ మీదికి లాక్కున్నాడు. రెండు భుజాలూ మ్యాట్ మీద. విజిల్ మోగింది.

హాలు కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత అరుపు. నేను లేవాలని చూశాను. "వద్దు, ఇది కాదు," అని రెఫరీతో అన్నాననుకుంటాను. ఎవరికీ వినపడలేదు. దిబీర్ లేచి నా చెయ్యి తనే పైకెత్తాడు. మైకు తీసుకుని, "నా తమ్ముడు హిజ్రీ! చూశారా, అన్నను చిత్తు చేశాడు!" అన్నాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు నన్ను భుజాలకెత్తుకుని మూడుసార్లు తిప్పారు. మెడకు రిబ్బను కట్టిన పొట్టేలును తీసుకొచ్చి తాడు నా చేతికిచ్చారు. దిబీర్ బహుమతి. నిన్న పొద్దున్నే, కుస్తీకి ముందే కొనిపించాడట. నిన్న పొద్దున్నే.

వాడు ఒక్కసారి నా వైపు చూశాడు. మొన్న నా మొహం మీద ఉన్నదే వాడి మొహం మీద ఉంది. హాయి.

ఉస్తాద్‌ను నేనే కారులో దించి వచ్చాను.  లోయ దిగాక అన్నాడు:

"మళ్లీ ఎవడో కావాలని పడుకున్నాడు. నువ్వా, వాడా?"

"మీకెలా తెలుసు?"

"చప్పుడు విన్నా. పడేస్తే అలా మోగదు."

చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగి, "ఇద్దరికిద్దరూ ఒకటే," అన్నాడు. 

జూన్ 14

పొద్దున్నే ముగ్గురు వచ్చి చేతులు కలిపి వెళ్లారు. ఆరో తరగతి పిల్లాడు గేటు దగ్గర నిలబడి, "మామా, ఆ మెడ పట్టు నాకు నేర్పుతారా?" అన్నాడు. నేర్పుతానన్నాను.

దిబీర్ నిన్ననే వెళ్లిపోయాడు. టీవీలో ఆ ముక్క ఐదుసార్లు వేశారట. కొత్త హాలు తాళంచెవులు చుపాన్ స్వయంగా తెచ్చి ఇచ్చాడు. "హిజ్రీ హాలు అన్నా తప్పు లేదయ్యా," అన్నాడు. తాళంచెవులు తీసుకుని జేబులో వేసుకున్నాను.

జగిదత్ పెరట్లో పొట్టేలు పక్కన నిలబడి ఉంది. రిబ్బను ఇంకా విప్పలేదు. నేను వెళ్తే వెనక్కి తిరిగింది. పాతికేళ్ల కాపురంలో ఆ మొహం నేను పెళ్లిరోజున ఒక్కసారి చూశాను.

"నిజం చెప్పు," అంది. "జనం లేరు ఇక్కడ. నిజంగా నువ్వే పడేశావా?"

ఆ ఫైనల్ గెలిచి వచ్చినప్పుడు దిబీర్‌ను కూడా ఇలాగే అడిగి ఉంటారు. వాళ్లమ్మ అడిగి ఉంటుంది, ఇదే ఊళ్లో, ఇలాంటి పెరట్లోనే. వాడు ఏమని ఉంటాడో నాకు తెలుసు.

"నేనే," అన్నాను.

జగిదత్ నవ్వి, బకెట్ తీసుకుని పొట్టేలుకు నీళ్లు తేవడానికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ పాట పాడుతోంది.